ఎడమ ముందు టైరు

పందొమ్మిదేండ్ల మారుతి ఎనిమిది వందలు.
నెత్తి మీద పసుపుపచ్చ బోర్డు,
ముందట ఎర్రటి 'ఎల్',
నా కాళ్ళ కాడ రెండో బ్రేకు.

రెండేండ్లల్ల ఇది మూడో టైరు.
మొదటి రెండింటికి కంపెనీని తిట్టిన.
ఎడమ దిక్కు, ముందటిది,
బయటి అంచు ఒక్కటే
వాడి వాడి మిగిలిన సబ్బుబిళ్ళ లెక్క నున్నగయ్యింది.
లోపలి అంచుకు కొత్తప్పటి రబ్బరు వెంట్రుకలు
ఇంకా అట్లనే ఉన్నయి.

ములుగు రోడ్డుల అలైన్‌మెంటు పిల్లగాడు
నాలుగు చక్రాలకు నాలుగు అద్దాలు తగిలిచ్చి
తెర మీద గీతలు చూపిచ్చిండు.
"అన్ని పచ్చగనే ఉన్నయి మేడం."
ఎనిమిది వందలు తీసుకున్నడు.
బండి పేరంత బిల్లు.

వానలు పడి ఎలిసేసరికి
మళ్ళ అదే అంచు.

ఇమ్దాద్ చాచా దుకాణంల తెర లేదు.
అండర్ బ్రిడ్జి అవతల రేకుల షెడ్డు,
రైలు పోయినప్పుడల్లా
గోడకు తగిలిచ్చిన పానాలు గలగలమంటయి.
జాకీ పెట్టి లేపిండు.
చక్రాన్ని పైన కింద పట్టి ఊపిండు, కదల్లే.
పక్కలకు ఊపిండు, కదల్లే.
గాలి కొలిచిండు.
"తక్కువైతే రెండంచులు తింటది,
ఎక్కువైతే నడుమ తింటది.
ఇది ఒక్కంచే తిన్నది."
అరచెయ్యి లోపలికి రాసిండు, బయటికి రాసిండు,
జొన్నకంకిని నిమిరినట్టు.
"ముండ్లు లేవు. టో మంచిగనే ఉన్నది."

గ్రీజు డబ్బా బోర్లేసుకొని కూసుండి
చాయ్ తాగుకుంట
టైరును ఇడిసిపెట్టి నన్ను చూసిండు.
"సారక్కా, ఏ గ్రౌండుల నేర్పుతవు?"
"ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుల."
"ఎటు తిప్పిస్తవు?"

చెయ్యి లేపి గాలిల చూపిచ్చిన.
దానంతట అదే కుడికి తిరిగింది.
ఇంకోసారి చూపిచ్చిన.
కుడికే.

"గుళ్ళె ప్రదక్షిణం చేపిస్తున్నవు" అని నవ్విండు.
"కుడికి తిరిగితె బరువంత ఎడమ భుజం మీద పడ్తది.
పదకొండేండ్లు ఒక్క భుజం మీదనే మోస్తె
ఏ హమాలీకైనా అంగి ఆడ్నే చినుగుతది.
మా ఆపా హజ్ పోయొచ్చి చెప్పింది,
అక్కడ లచ్చల మంది ఎడమకే తిరుగుతరట.
ఏం కాదు, నువ్వు గూడ తిప్పియ్యి."

ముందటివి ఎన్కకేసిండు, ఎన్కవి ముందటికి.
రెండు వందలు. చాయ్ పైసలు ఆయనే ఇచ్చిండు.

ఆ రాత్రి రిజిస్టర్ తీసిన.
ఆరువందల పన్నెండు పేర్లు.
బ్యాంకోళ్ళు, పెండ్లి కుదిరిన పిల్లలు,
సింగరేణిల రిటైరైన ఓవర్‌మ్యాన్ ఒకాయన,
రెండుసార్లు ఫెయిలై మూడోసారి
మిఠాయి డబ్బ తెచ్చిన టీచరమ్మ.
హన్మకొండ సందులల్ల వీళ్ళంత
ఎడమకు ఎట్ల మలుగుతున్నరో.

ఎందుకో తెల్వక కాదు.
నేను కూసునేది ఎడమ సీటు.
ఎడమకు తిప్పితె కాంపౌండు గోడ
నా దిక్కుకే వస్తది.
మొదటేడు ఒక పిల్లగాడు
బ్రేకనుకొని ఇంకోటి తొక్కిండు.
గోడకు బెత్తెడు దూరంల ఆగింది.
సున్నం పెచ్చులు లెక్కపెట్టొచ్చు, అంత దగ్గర.
పిల్లగాన్ని ఏమనలే. ఇంట్ల గూడ చెప్పలే.
తెల్లారి నుంచి కుడికే.

పొద్దుగాల ఆరింటికి భూక్య సుగుణ,
ఎంజీఎంల నైట్ డ్యూటీ దిగి సీదా వచ్చింది,
కండ్లల్ల నిద్ర, చేతులకు స్పిరిట్ వాసన.
అలవాటుగ స్టీరింగు కుడికి వంచబోతుంటె
"ఎడమకు" అన్న.
"ఎందుకు మేడం?"
"టైరు అరుగుతున్నది."

ఒక్కసారి నా మొఖం చూసి
తిప్పింది.
గోడ వస్తున్నది.
కొత్తగ సున్నమేసిండ్రు, ఎప్పుడేసిండ్రో.
రెండో బ్రేకు మీద నా పాదం
ఆనీ ఆనకుంట.
ఇంకొంచెం, అన్న.
ఇంకొంచెం.